అద్దానికి తెలుగు రాదట!

"గడియారం, ఎండ, తారీఖు. ఈ మూడింటికీ అంకెలే కదా, మధ్యలో తెలుగెందుకు?"

ఇంట్లో సొంతంగా చేసుకున్న స్మార్ట్ అద్దం గురించి మా గోదావరిఖనిలో ఎవరితో మాట్లాడినా, సంభాషణ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే చేరుతోంది. అడిగేవారు భాషాద్వేషులు కారు. మాతృభాషా దినోత్సవం నాడు తెలుగు గొప్పతనం గురించి నలుగురికీ సందేశాలు పంపేవారే. అయినా ఆ ప్రశ్నలో రెండు నమ్మకాలు దాగి ఉన్నాయి. యంత్రాల మీద తెలుగు సరిగా కుదరదన్నది మొదటిది. కుదిరినా దానితో ఎవరికీ పని లేదన్నది రెండోది. రెండూ అబద్ధాలేనని, మన బద్ధకానికి మనమే కట్టబెట్టిన పట్టుబట్టలని నా వాదన. నిందలూ నినాదాలూ పక్కన పెట్టి, ఒక్క అద్దాన్నే సాక్ష్యంగా తీసుకుని ఈ మాట రుజువు చేయదలచాను.

ముందుగా ఈ వస్తువేమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒక పాత కంప్యూటరు తెర, దాని ముందు ఒకవైపు నుంచి వెలుగును పోనిచ్చి మరోవైపు ప్రతిబింబం చూపే అద్దం, రెంటినీ పట్టి ఉంచే చెక్క చట్రం, వెనుక అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై. తెర నల్లగా ఉన్న చోట మన ముఖం కనబడుతుంది. తెల్లని అక్షరాలున్న చోట ఆ అక్షరాలు అద్దంలో తేలుతాయి. దీన్ని నడిపే మ్యాజిక్ మిర్రర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మూలపురుషుడు నెదర్లాండ్స్‌కు చెందిన మైకేల్ టేవ్. 2014లో ఆయన తన ఇంటి కోసం చేసుకున్న అద్దం నుంచి పుట్టి, ఎందరో ఔత్సాహికుల చేతుల మీదుగా పెరిగిన పని అది. ఇందులో మనకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. అద్దం మీద కనబడేది నిజానికి ఒక వెబ్ పేజీ. లోపల నడిచేది క్రోమియం విహారిణి. అంటే జాలంలో తెలుగు నిలబెట్టడానికి మనం నేర్చుకున్న ప్రతి విద్యా ఇక్కడ యథాతథంగా పనికివస్తుంది.

మా ఇంట్లో ఈ అద్దాన్ని చూసేవారిలో ఒకరు మా బాపు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. దినపత్రికను పేరు దగ్గర నుంచి చివరి పేజీ ప్రకటనల దాకా చదువుతారు, కాని ఇంగ్లీషు అక్షరం చదవలేరు. మరొకరు మా తమ్ముడు. అతనికి వారానికో షిఫ్టు. అంకెలు చాలునంటున్న పెద్దమనుషులు ఈ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకొని తక్కినది చదవగలరని మనవి.

*

కూర్పు పత్రంలో భాష అనే చోట తెలుగు సంకేతం రాసి అద్దాన్ని వెలిగించగానే కనబడ్డవి అక్షరాలు కావు, డబ్బాలు. వారం పేరున్న చోట నాలుగు డబ్బాలు, నెల పేరున్న చోట మరికొన్ని. "గీ డబ్బలేంది బిడ్డా, అద్దం కరాబైందా?" అన్నారు బాపు.

డబ్బాలంటే మనకు ఎంత పాత పరిచయం! విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ప్రతి తెలుగు బ్లాగు పక్కపట్టీలోనూ ఒక లంకె ఉండేది: "తెలుగు డబ్బాలుగా కనబడుతోందా?" అని. కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్ళి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ చొప్పించి, కంప్యూటరును మళ్ళీ మొదలుపెట్టమని బంధుమిత్రులకు ఫోనులో పాఠాలు చెప్పిన తరం మనది. గౌతమి ఖతిలో ఇరుకుగా కనబడుతోందని పోతన, వేమన ఖతులను దించుకున్న తరం మనది. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఆ చోటును తెరల మీద నిజం చేయడానికి ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా ఎవరెవరో పనిచేయవలసి వచ్చింది. డబ్బా అంటే తెలుగు రాకపోవడం కాదనీ, ఆ చోట ఏ అక్షరం ఉందో యంత్రానికి తెలుసుననీ, గీయడానికి ఖతి మాత్రమే లేదనీ మనకు అప్పుడే అర్థమైంది.

అద్దంలోనూ జరిగింది అదే. మ్యాజిక్ మిర్రర్ తనతో తెచ్చుకునే ఖతి రోబోటో. అందులో లాటిన్, గ్రీకు, సిరిలిక్ అక్షరాలున్నాయి, తెలుగు లేదు. పై లోని నిర్వహణ వ్యవస్థలోనూ తెలుగు ఖతి లేనప్పుడు డబ్బా తప్ప గత్యంతరం లేదు. చికిత్స రెండు నిమిషాల పని. నోటో ఖతుల మూటనో, డెబియన్ వారి తెలుగు ఖతుల మూటనో ఒక్క ఆజ్ఞతో స్థాపించుకోవచ్చు. పోతన, వేమనలు ఇప్పటికీ అక్కడ ఉచితంగా దొరుకుతున్నాయి. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఖతులూ స్వేచ్ఛగా లభిస్తున్నాయి. ఆపైన అద్దపు అలంకరణ దస్త్రంలో ఖతి పేరు రాస్తే డబ్బాల స్థానంలో అక్షరాలు వస్తాయి. "అద్దానికి తెలుగు రాదు" అన్న తీర్పు ఇంతటితోనే కొట్టుడుపోవాలి.

*

కాని తీర్పరులు అంత తేలికగా ఓడిపోరు. "అక్షరాలు వచ్చాయి సరే, చూడండి ఎంత వికారంగా ఉన్నాయో! ఇంగ్లీషైతే ఎంత పొందికగా ఉండేది!" అంటారు. ఈ మాట ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే కళ్ళ ముందు సాక్ష్యం కనబడుతుంది. వికారం నిజమే. దాని కారణమే వేరు.

ఆ అలంకరణ దస్త్రాన్ని తెరిచి చదివితే సంగతి బయటపడుతుంది. శీర్షికలకు అక్షర పరిమాణం పదిహేను, వరుస ఎత్తు కూడా పదిహేనే. వెంటనే కింద ఒక గీత. గడియారానికి అక్షరం అరవై అయిదు, వరుస ఎత్తూ అరవై అయిదే. శీర్షికలన్నింటినీ పెద్దబడి అక్షరాలుగా మార్చమని ఒక ఆదేశం. పెద్దబడి, చిన్నబడి అనే తేడా లాటిన్ అక్షరాలది. అన్నీ పెద్దబడిలో ఉంటే వాటికి కిందికి వేలాడే తోకలు దాదాపు ఉండవు, కనుక వరుస ఎంత బిగువుగా ఉన్నా నష్టం లేదు. మన రాత అలా కాదు. పైన గుడి, ఏత్వం. కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం" అనే మాట ఒక్కటి రాసి చూడండి, మూడంతస్తుల మేడ. దాన్ని ఒంటి అంతస్తు కప్పు కింద నిలబెడితే వత్తులు కింది గీతలో కూరుకుపోతాయి, గుడులు పై వరుసను ఢీకొంటాయి. ఇది తెలుగు వికారమా? కొలత తీసుకోకుండా కుట్టిన చొక్కా బిగుతైతే తప్పు ఒంటిది కాదు కదా!

వరుస ఎత్తును అక్షరానికి ఒకటిన్నర రెట్లకు పైగా పెంచండి. పెద్దబడి ఆదేశాన్ని తీసేయండి. అక్షరాల మధ్య ఎడం పెంచే ఆదేశాలేమైనా ఉంటే వాటినీ తీసేయండి. అప్పుడు చూడండి, ఆ మేడ ఎంత నిబ్బరంగా నిలబడుతుందో.

ఇక మూడోది రాత సన్నదనం. మ్యాజిక్ మిర్రర్ అందమంతా సన్నని తెల్లగీతలోనే ఉంది. ఇంగ్లీషులో అది చక్కగా ఉంటుంది. కాని ఈ రకం అద్దం వెనుక తెర వెలుగును పూర్తిగా రానివ్వదు. పైగా గాజుకు రెండు ముఖాలుండడం వల్ల ప్రతి గీతకూ ఒక లేత నీడ పడుతుంది. నిలువు గీతలూ అడ్డ గీతలూ ఎక్కువగా ఉన్న లిపి దాన్ని తట్టుకుంటుంది. వంపుల మీద బతికే లిపి తట్టుకోలేదు. "మ"కూ "య"కూ, "ప"కూ "ష"కూ, "ఖ"కూ "భ"కూ ఉన్న తేడా ఒక చిన్న మెలికే. ఆ మెలిక నీడలో కలిసిపోతే చదువరి ఊహించుకోవాలి. కనుక తెలుగుకు ఒక మెట్టు మందమైన రాత, ఒక మెట్టు పెద్ద పరిమాణం ఇవ్వాలి. నోటో ఖతిలో అన్ని మందాలూ ఉన్నాయి. మా అద్దం మీద మధ్యరకం మందం పెట్టాక, మంచం మీద నుంచే బాపు తారీఖు చదివారు. కళ్ళజోడు లేకుండానే!

ఈ మూడు మరమ్మతులకూ కలిపి పట్టినవి పదిహేను వరుసల రాత, ఒక సాయంత్రం.

*

ఇక్కడ కాస్త పక్కకు వెళ్ళి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇది వాదానికి అవసరమైనదే.

అద్దం పెట్టిన కొద్దిరోజులకు తెర మూలన పసుపు పచ్చని మెరుపు గుర్తు రాసాగింది. అప్పుడప్పుడు అద్దం ఉన్నట్టుండి ఆగి మళ్ళీ మొదలయ్యేది. చూసిన ప్రతివారూ చెప్పిన కారణం ఒక్కటే: "కరెంటు లోపం." రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల కేంద్రం, దాని పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండు, అవి కాల్చే బొగ్గు మా కాళ్ళ కింది నుంచే వస్తుంది, అయినా కరెంటు లోపమేనట! ఆ మెరుపు గుర్తుకు అర్థం వేరు. పై కి అందే విద్యుత్తు సుమారు 4.63 వోల్టుల కంటే తగ్గితే అది కనబడుతుంది. గోడలోని ప్లగ్గు దగ్గర అంతా సవ్యమే. బజారులో కొన్న సన్నని ఛార్జరు తీగలోనే వోల్టేజి సగం దారిలో నీరసించిపోతోంది. పై కోసం చేసిన 5.1 వోల్టుల అడాప్టరు పెట్టగానే మెరుపు మాయమైంది.

మే నెలలో మరొక అనుమానం. మధ్యాహ్నం కాగానే అద్దం మందగించేది. "ఇవన్నీ మన ఎండలకు పనికిరావు" అన్నారు. రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజులు కొత్త కావు, నిజమే. కాని పై తనంతట తాను వేగం తగ్గించుకునేది దాని చిప్పు 80 డిగ్రీలకు చేరువైనప్పుడు. వెనుక చెక్క బిగించి, గాలి పోయే దారి లేకుండా చేస్తే ఊటీలోనైనా అంతే. చట్రానికి పైనా కిందా రంధ్రాలు చేయించి, బొగ్గు దుమ్ము చొరకుండా సన్నని జాలీ కొట్టిస్తే ఆ బాధా తీరింది.

ఈ రెండింటినీ ఎందుకు చెప్పానంటే, తప్పు ఎక్కడుందో వెతకకముందే నేరస్థుణ్ణి నిర్ణయించే అలవాటు మనకు అన్ని చోట్లా ఒకేలా పనిచేస్తుంది. తెర ఆగితే కరెంటు తప్పు, మందగిస్తే ఊరి తప్పు, అక్షరం చెదిరితే తెలుగు తప్పు. బలహీనంగా కనబడేదాని మీద నింద మోపడం సులువు. తీగ కొలిచి చూడటం కష్టం.

ప్రపంచమూ ఇందుకు అతీతం కాదు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. "జ్ఞా" అనే అక్షరం, మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తుతో కలిసి, ఐఫోనుకు చేరితే ఆ అనువర్తనం కుప్పకూలేది. ఆ లోపం యాపిల్ వారి అక్షర చిత్రణలో ఉంది. కొద్ది రోజుల్లో 11.2.6 కూర్పుతో వారే సరిదిద్దుకున్నారు. కాని అప్పటి వార్తా శీర్షికలు ఎలా వచ్చాయి? "ఐఫోన్లను కూల్చే తెలుగు అక్షరం" అని. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం నేరస్థురాలైపోయింది! బయటివారు నవ్వారంటే పోనీ అనుకోవచ్చు. మనవారు కూడా నవ్వి, ఆ సందేశాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఇంటికి పునాది సరిగా వేయని మేస్త్రీని వదిలి, అడుగుపెట్టిన అతిథిని తిట్టడం కాదా ఇది?

*

సరే, అక్షరాలు నిలబడ్డాయి. మాటలో? అసలు కథ ఇక్కడుంది.

తెలుగు సంకేతం రాశాక తారీఖులు చక్కని తెలుగులో వచ్చాయి. సోమవారం, మంగళవారం, జనవరి, ఫిబ్రవరి. ఎందుకంటే అద్దం తారీఖుల కోసం వాడుకునే మొమెంట్ అనే గ్రంథాలయంలో ఎవరో తెలుగువారు ఒక దస్త్రం రాసి పెట్టారు. అందులో ఏఎం, పీఎంలు కూడా లేవు. రాత్రి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని నాలుగు వేళలున్నాయి. తెల్లవారుజామున నాలుగు దాకా రాత్రి, పది దాకా ఉదయం, అయిదు దాకా మధ్యాహ్నం, ఎనిమిది దాకా సాయంత్రం. ఆ హద్దులతో మీరు ఏకీభవించకపోవచ్చు. కాని ఒక తెలుగువాడు కూర్చొని మన రోజును మనలాగా కోయడానికి ప్రయత్నించాడు. ఆ పుణ్యాత్ముడికి నెనరులు.

తక్కినదంతా ఇంగ్లీషు. మ్యాజిక్ మిర్రర్‌లో ప్రతి భాషకూ ఒక అనువాద దస్త్రం ఉంటుంది. అందులో ఉండేవి యాభైకి అటూ ఇటూగా చిన్న చిన్న పదబంధాలు. నిన్న, ఈరోజు, రేపు, గాలి దిక్కులు, కార్యక్రమాలేవీ లేవు, ఇటువంటివి. హిందీ ఉంది, గుజరాతీ ఉంది. నేను దించుకున్న కూర్పులో తెలుగు లేదు. మరొకటి ఉంది, వినండి: క్లింగాన్ ఉంది. స్టార్ ట్రెక్ సినిమాలలోని గ్రహాంతరవాసుల కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషావేత్త 1980లలో రూపుదిద్దిన కల్పిత భాష అది. ఆ భాషలో లాలిపాట విని నిద్రపోయిన ఊరు భూమి మీద లేదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష తెలుగు, దేశంలో నాలుగో స్థానం. ఇన్ని కోట్ల మందిలో యాభై పదబంధాలు రాసేవాడు దొరకలేదు. క్లింగాన్ అభిమానుల మీద నాకు కోపం లేదు, అసూయ ఉంది. తమ భాష మీద ప్రేమను వాళ్ళు వేదికల మీద చెప్పలేదు, దస్త్రంలో రాశారు.

ఆ దస్త్రం తెరిచిన మరుక్షణమే ఒక మాట నన్ను ఆపేసింది. రేపటి తర్వాతి రోజుకు అక్కడ ఒక గడి ఉంది. ఇంగ్లీషువారికి వాడుకలో దానికి ఒక్క మాట లేక "రెండు రోజుల్లో" అని నింపుకున్నారు. మనకుంది: ఎల్లుండి. నిన్నటికి ముందు రోజుకూ గడి ఉంది. దానికీ మనకు మాట ఉంది: మొన్న. మన భాషలో నిండుగా ఉన్న మాటల కోసం ఆ యంత్రంలో గడులు ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. ఇక తెలుగు యంత్రానికి సరిపడదనే వారిని ఏమనాలి?

*

"ఇప్పుడు కృత్రిమ మేధ ఉందిగా, అదే అనువాదం చేసి పెడుతుంది" అనే వారి సంగతి చూద్దాం. పదబంధాలు అది చక్కగా రాయగలదు, కాదనను. కాని ఏ మాట ఏ గోడ మీద కనబడుతుందో తెలిసినవాడు పక్కన ఉండాలి. ఆ దస్త్రంలో ఒక గడి పేరు "రన్నింగ్". దాని వెనుక ఉన్న అర్థం, జరుగుతున్న కార్యక్రమం ఇంకెంతసేపట్లో ముగుస్తుందని. పేరు చూసి అనువదిస్తే అద్దం మీద పెళ్ళి "పరుగెత్తుతోంది" అని వస్తుంది. ఎండ ఎంత అనిపిస్తోందో చెప్పే వాక్యంలో ఇంగ్లీషు మాట ముందు, అంకె తర్వాత. తెలుగులో అంకె ముందు రావాలి: "47 డిగ్రీల లాగా ఉంది." అంకె ఎక్కడ కూర్చోవాలో చెప్పే వీలు ఆ దస్త్రంలో ఉంది; చెప్పేవాడు కావాలి. గడియారంలో వేళ అంకెల తర్వాత వస్తుంది, "4:30 ఉదయం" అని. మనం "ఉదయం 4:30" అంటాం. అలంకరణ దస్త్రంలో రెండు వరుసలతో అది ముందుకు వస్తుంది. ఇవన్నీ చిన్నవే. కాని ఒక భాష ఒక ఇంట్లో అతిథిగా ఉందా, ఆ ఇంటిదిగా ఉందా అన్నది ఇటువంటి చిన్నవాటిలోనే తేలుతుంది.

మరో ఉదాహరణ. ఈ అద్దం ఎదుట నిలబడినవారిని పలకరిస్తుంది. అప్రమేయంగా, అంటే మనం ఏదీ చెప్పకపోతే, అది ఇచ్చే పలకరింపుల్లో "శుభోదయం అందగాడా" వంటివీ, ఇంట్లో పెద్దల ముందు చదవలేనివీ ఉన్నాయి. అవి ఎవరి ఇంటి సరసమో మనకు అక్కరలేదు. కాని తెలుగులోకి మార్చబోతే ఒక అసలైన చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషు "యూ"కు వయసు లేదు, వరస లేదు. తెలుగు క్రియకు ఉన్నాయి. అద్దం ముందు బాపు నిలబడితే "తిన్నారా" అనాలి, తమ్ముడైతే "తిన్నావా" అనాలి. ఎవరు నిలబడ్డారో అద్దానికి తెలియదు. నేను ఎంచుకున్న దారి, ఎవరినీ సంబోధించని వాక్యాలు: "మందులు వేసుకునే వేళ", "బయట ఎండ ముదిరింది", "గొడుగు మరవద్దు". ఇది రాజీ కాదు. మర్యాద అనేది తెలుగు వ్యాకరణంలో ఇమిడి ఉందన్న గుర్తింపు. అనువాదమంటే మాటకు మాట పెట్టడం కాదని అద్దం నేర్పే పాఠం ఇది.

అంతకంటే పెద్ద చిక్కు వేళలది. ఆ పలకరింపుల లెక్కలో ఉదయమంటే మూడు నుంచి పన్నెండు దాకా. రాత్రి షిఫ్టు ముగించుకొని, ఒళ్ళంతా నల్లగా ఇంటికి వచ్చిన మనిషికి అద్దం శుభోదయం చెబుతుంది. అతనికది పడుకునే వేళ! ఈ బొగ్గుబెల్టులో సగం ఇళ్ళలో ఎవరో ఒకరికి రోజు సూర్యుడితో మొదలు కాదు, మస్టరుతో మొదలవుతుంది. సింగరేణి కాలరీస్ అనే పేరు 1920 నుంచి ఉంది. తరతరాలుగా ఇక్కడి కుటుంబాలు మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అని రోజును మూడుగా మడిచి బతుకుతున్నాయి. మా అద్దంలో తమ్ముడి షిఫ్టు పట్టీని క్యాలెండరుగా పెట్టాను. రాత్రి షిఫ్టు వారంలో పొద్దున్నే కనబడేది శుభోదయం కాదు, "నిద్రపోయే వేళ, చప్పుడు చేయవద్దు" అని. ఆ వారం ఇంట్లో కుక్కరు కూతలు తగ్గాయి.

అప్రమేయం అనే మాటను మనం సాంకేతిక పదంగానే చూస్తున్నాం. నిజానికి అది ఒక జీవన విధానం. ఎవరి భాష, ఎవరి వేళలు, ఎవరి అక్షరాల ఎత్తు, ఎవరి సరసం? మార్చకుండా వదిలేసిన ప్రతి గడిలోనూ వేరొకరి ఇల్లు ఉంటుంది. చట్రం మన వడ్రంగి చేసినా, గోడ మనదైనా, అద్దంలో ముఖం మనదైనా, ఆ గడులు మార్చనంత కాలం మనం అద్దె ఇంట్లో ఉన్నట్టే.

*

ఇప్పుడు రెండో వైపు వారికి ఒక మాట. తెలుగంటే ఇంగ్లీషు వాసన తగలని మాటలే ఉండాలని, గాలి పదహారు దిక్కులకూ పదహారు సంస్కృత పదాలు కూర్చాలని పట్టుబట్టేవారు మనలో ఉన్నారు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరృతి, వాయవ్యం మనకున్నాయి. వాటికి మధ్యనుండే దిక్కులను "ఉత్తర ఈశాన్యం" అని ఊరుకుంటే చాలు. అంకెలు తెలుగు అంకెలే కావాలని నేను పట్టుబట్టను, బాపు చదివే పత్రికలోనూ అవి లేవు. షిఫ్టును మార్చను. బాయి మాటలు చూడండి: ఇంక్లైను, టబ్బు, హాలేజీ, మస్టరు, తట్టా చెమ్మసు. ఇంగ్లీషు బడి ముఖం చూడని కార్మికులు ఆ మాటలను బొగ్గుతో పాటే తవ్వి తెచ్చుకొని తెలుగు చేసేశారు. పరాయి మాట వల్ల తెలుగు చావదు. తెలుగు మాట ఉన్న చోట కూడా ఖాళీ గడి వదిలేస్తే చస్తుంది. స్వచ్ఛత గురించి ఏళ్ళ తరబడి వాదించుకుంటూ దస్త్రాన్ని ఖాళీగా ఉంచినవారూ, "ఇంగ్లీషు చాలదా" అన్నవారూ ఫలితంలో ఒక్కటే. అద్దం మీద రెండు పక్షాలూ ఇంగ్లీషుగానే కనబడతాయి.

ఇంకొక సంగతి ఆచరణకు సంబంధించినది. ఖతి, వరుస ఎత్తు వంటి అలంకరణ మార్పులు సొంత దస్త్రంలో ఉంటాయి కనుక నవీకరణలకు చెక్కుచెదరవు. భాష అలా కాదు. అనువాద దస్త్రాన్ని చేర్చాక, భాషల జాబితా ఉన్న మూల దస్త్రంలోనూ ఒక వరుస చేర్చాలి. కొత్త కూర్పు వచ్చినప్పుడు ఆ వరుస అడ్డం తిరుగుతుంది, మళ్ళీ సరిచేసుకోవాలి. అంటే ఇంట్లో చేసుకున్న తెలుగు ఎప్పటికప్పుడు అప్పుతెచ్చిన తెలుగే. దాన్ని మూలానికి పంపి, అక్కడివారు స్వీకరిస్తేనే అది స్థిరపడుతుంది. అప్పుడు ఖమ్మంలోనో, కాన్‌బెర్రాలోనో మరొక తెలుగువాడు అద్దం చేసుకున్నప్పుడు, వాడి తల్లి ముందు డబ్బాలకు బదులు మాటలు కనబడతాయి. నా దస్త్రం సిద్ధమవుతోంది. పంపేముందు పదబంధాలను ముగ్గురు నలుగురు సరిచూస్తే మేలు. "కార్యక్రమాలేవీ లేవు" అనాలా, "ఏమీ లేవు" అంటే చాలా వంటి తగవులకు సిద్ధంగా ఉన్నాను.

ఇది ఒక్క అద్దం గురించిన మాటగా మిగిలిపోతే నా శ్రమ వృథా. మీరు రోజూ వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఒకదాన్ని తెరిచి, దాని భాషల పట్టీ చూడండి. తెలుగు లేకపోతే బాధపడుతూ ఒక టపా రాయకండి. అటువంటి టపాలు మన దగ్గర చాలా పోగయ్యాయి. ఉన్నా సగమే ఉంటే మిగతా సగం ఎన్ని వరుసలో లెక్కపెట్టండి. ఒక సభకు వెళ్ళి రావడానికి పట్టే సమయం కంటే తక్కువే పడుతుందని నేను పూచీ ఉంటాను. పాత రోజుల్లో డబ్బాలు చూసి మనం యంత్రాన్ని తిట్టి ఊరుకోలేదు, తెలుగును తిట్టనూ లేదు. ఖతి దించుకున్నాం, పక్కవాడికి నేర్పాం, లేనిదాన్ని తయారుచేశాం. అప్పుడు మన దగ్గర ఇంతకంటే తక్కువ సాధనాలే ఉండేవి.

ఎల్లుండి అనే మాటకు ఆ దస్త్రంలో చోటు ఇప్పటికే ఉంది. రాయవలసింది మనం.